ఎన్నికల ఆఫీసుకి మనుషులు కావాలి

ఆడపడుచుని మెచ్చుకునే వదినని మీరెక్కడైనా చూశారో లేదో నాకు తెలీదు. నేను మాత్రం మెచ్చుకుంటాను. ఎదురుగా కాదు లెండి, మరీ అంత మంచిదాన్ని కాదు. మనిషి లేనప్పుడు. నా కుట్టు షాపుకి ఎవరైనా వచ్చి కొలతలిచ్చి కాసేపు కూర్చున్నారంటే, కత్తెర పక్కన పెట్టి నేను చెప్పే సంగతి ఇదే.

మా ఊళ్ళో ఆవిణ్ణి అందరూ ఎన్నికలమ్మ అంటారు. మునిసిపల్ ఆఫీసు వెనక ఇనప మెట్లెక్కితే, నీటి బిల్లులు కట్టే కౌంటరు పైన ఒక పొడుగాటి గది ఉంటుంది. అదే ఊరి ఎన్నికల ఆఫీసు. గోడ వారగా ఓటు పెట్టెలు నడుమెత్తు పేర్చి, వాటి మీద వాన నీళ్ళు పడకుండా ప్లాస్టిక్ పట్టా కప్పి ఉండేది. ఫ్యాను తిరిగితే కాగితాలెగిరేవి, తిరక్కపోతే మనుషులు ఉడికిపోయేవాళ్ళు. ఒకప్పుడు ఆ గదిలో నిండుగా జనం పనిచేసేవాళ్ళట. ఒకరు రిటైరైతే ఆ పోస్టు నింపలేదు. ఇంకొకరు బదిలీ అయితే అదీ అంతే. చివరికి మిగిలింది మా ఆడపడుచు, ఒక అటెండరు పెద్దాయన. పాపం ఆయనకి మోకాళ్ళ నొప్పులు. పొద్దున మెట్లెక్కితే మళ్ళీ సాయంత్రమే దిగేవాడు.

బడ్జెట్ వచ్చిన ప్రతిసారీ ఈవిడ కౌన్సిల్ ముందుకెళ్ళి మనుషుల్ని ఇమ్మని అడిగేది. ప్రతిసారీ చైర్మన్ గారు అదే ప్రశ్న వేసేవారు.

"ఎన్నికలు ఐదేళ్ళకోసారి వస్తాయి కదమ్మా. మిగతా రోజుల్లో మీ ఆఫీసులో ఏం చేస్తారు?"

"ఫైరింజన్ వాళ్ళని కూడా అడగండి సార్, నిప్పంటుకోని రోజున ఏం చేస్తారని," అందట ఒకసారి.

అందరూ హాయిగా నవ్వారట. నవ్వేసి, ఉన్నదాంట్లో ఇంకాస్త కోత పెట్టారు.

నిజానికి ఆవిడ చేసే పని నాకూ అప్పట్లో తెలీదు. ఎవరు పోయారు, ఎవరు ఇల్లు మారారు, ఏ పిల్లకి పద్దెనిమిదేళ్ళు నిండాయి అని ఎండనపడి తిరుగుతుంటే, ఈవిడకి ఊళ్ళో వాళ్ళ గొడవలన్నీ ఎందుకో అనుకునేదాన్ని. ఒకరోజు అడిగేశాను కూడా. "పోయినవాళ్ళ పేరు తియ్యకపోతే వాళ్ళ పేరు మీద ఇంకెవడో వచ్చి ఓటేస్తాడు వదినా. బతికున్నవాళ్ళ పేరు పోతే వాళ్ళే వచ్చి నన్ను తిడతారు," అంది. రెండోది ఎక్కువ జరుగుతుందని కూడా చెప్పింది.

ఆ ఏడాది ఎన్నికలు దగ్గర పడ్డాయి. రైలు పట్టాలవతల కొత్త కాలనీ అప్పటికి బాగా పెరిగిపోయింది. కౌన్సిల్ నుంచి ఈవిడకో కబురొచ్చింది. ఎలాగూ సిబ్బంది లేరు కాబట్టి కాలనీలో బూత్ ఎత్తేయండి, వాళ్ళందరూ ఇవతలికొచ్చి ఓటేస్తారు అని. ఇవతలికి రావాలంటే పట్టాల మీదున్న వంతెన ఎక్కి దిగాలి. చంకలో పిల్లలున్నవాళ్ళు, కర్ర పట్టుకు నడిచేవాళ్ళు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళు ఆ మెట్లెలా ఎక్కుతారు?

ఈవిడ చైర్మన్ గారి గదికి వెళ్ళి నిలబడింది. "నా దగ్గర మనుషులు లేరని వాళ్ళ బూత్ తీసేస్తే, వాళ్ళ ఓటు తీసేసినట్టే సార్. నేను ఒప్పుకోను."

"అయితే మనుషుల్ని నువ్వే తెచ్చుకో. ఆ రోజుకి భత్యం మేమిస్తాం, అంతకుమించి పైసా లేదు," అన్నాడాయన.

ఆ భత్యం ఎంతంటే, పని మానుకుని వచ్చినవాడికి పోయిన కూలిలో సగం కూడా రాదు. ఎవరొస్తారు? మా ఆడపడుచు ఎన్నికల ఆఫీసుకి మనుషులు కావాలని తనే అట్టల మీద రాసి ఊరంతా అంటించింది. నా షాపు తలుపుకీ ఒకటి తగిలించింది. దాన్ని చూసి లోపలికొచ్చిన వాళ్ళందరూ జీతమెంత, పెన్షనుంటుందా అని అడిగి, ఒక్కరోజు పనని తెలిసి, చేతిలో ఉన్న గుడ్డ నాకిచ్చి కొలతలు చెప్పి వెళ్ళిపోయారు. నాకు బేరాలు పెరిగాయి గానీ ఆవిడకి ఒక్క మనిషీ దొరకలేదు.

అప్పుడు మా ఆయన రంగంలోకి దిగాడు. మా ఆయన బట్టల మిల్లులో అకౌంటెంటు. చెల్లెలంటే ప్రాణం, పైకి మాత్రం చెప్పడు. ఆదివారం మధ్యాహ్నం ఆవిడ మా ఇంటికి భోజనానికొస్తే, కంచం ముందు కూర్చోగానే మొహం వెలిగిపోతూ చెప్పాడు.

"నీ కష్టాలు తీరిపోయాయే చెల్లీ. మా ఓనరు గారితో మాట్లాడాను. మొత్తం ఆయనే పెట్టుకుంటానన్నారు. నీకు ముగ్గురు గుమాస్తాలు, బూతుల్లో కూర్చునేవాళ్ళకి డబల్ భత్యం, కొత్త పెట్టెలు, నీ గదికి కూలరు. అన్నీ!"

నేను సంతోషంతో చెంచా కింద పడేసుకున్నాను. ఆవిడ మాత్రం తినడం ఆపింది.

"వద్దన్నయ్యా."

"వద్దేంటి?"

"ఓట్లు లెక్కపెట్టేవాళ్ళు ఒక్కరి సొమ్ము తిని లెక్కపెట్టకూడదు."

"ఆయనేమైనా పోటీ చేస్తున్నాడా? ఆయన వాళ్ళెవరైనా చేస్తున్నారా? మంచి మనసుతో ఇస్తానంటున్నాడు."

"మంచివాడు కాబట్టే వద్దనడం ఇంత కష్టంగా ఉంది. ఈసారి మంచివాడిస్తాడు. నేను తీసుకుంటే కౌన్సిల్ వాళ్ళకి అదే అలవాటవుతుంది. వచ్చేసారి ఇంకెవడిస్తాడో, ఏమడుగుతాడో. అయినా ఊరి పని ఊరి డబ్బుతో జరగాలన్నయ్యా."

"నేను ఆయన ముందు మాటిచ్చి వచ్చాను! ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

మా ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు. ఆ రోజు నుంచి అన్నాచెల్లెళ్ళకి మాటల్లేవు. ఆయన కబుర్లు ఆవిడకీ ఆవిడ కబుర్లు ఆయనకీ నేనే మోయాల్సి వచ్చింది. నిజం చెప్పొద్దూ, నాకూ ఆవిడ మీద కోపమొచ్చింది. ఇంటికొచ్చిన సాయాన్ని కాలదన్నుకోవడమేంటని.

రెండ్రోజులాగి ఆవిడ షాపుకొచ్చింది. "వదినా, మిల్లు ఓనరు గారి దగ్గరికి వెళ్ళాలి. తోడు రావా?"

"డబ్బు తీసుకుంటావా?" అన్నాను ఆశగా.

"కాదు. వద్దని నేనే చెప్పాలి కదా. అన్నయ్య చేత చెప్పిస్తే బావుండదు."

మిల్లు ఆఫీసు గదిలో మమ్మల్ని కూర్చోబెట్టి టీ తెప్పించారు. గోడకవతల మగ్గాల మోతకి టేబుల్ మీద కప్పులు సన్నగా వణుకుతున్నాయి. ఓనరు గారు పెద్ద వయసాయన, మాట నెమ్మది. ఈవిడ చెప్పిందంతా విన్నాడు. మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"నా డబ్బంటే అంత చేదా అమ్మా?"

"చేదు కాదు సార్. బళ్ళోకి ఇవ్వండి, ఆసుపత్రికివ్వండి, దణ్ణం పెట్టి తీసుకుంటారు. నా ఆఫీసుకి మాత్రం వద్దు. రేపు మీకు తెలిసినవాళ్ళెవరైనా గెలిస్తే, వాళ్ళు నిజంగా గెలిచినా ఎవరూ నమ్మరు."

ఆయన తన కప్పు పక్కకి జరిపి, "మరి నన్నేం చెయ్యమంటావు? ఊరికే టీ తాగి పొమ్మంటావా?" అన్నాడు.

"సెలవివ్వండి సార్. ఎన్నికల పనికి వస్తానన్న వాళ్ళకి ట్రైనింగు రోజున, పోలింగు రోజున జీతం కొయ్యకుండా సెలవు. బస్సు డిపోనీ అదే అడిగాను, బ్యాంకునీ అదే అడిగాను, రొట్టెల బట్టీ వాళ్ళనీ అడుగుతాను. అందరికీ ఒకటే మాట. ఇంకోటి, మీ మిల్లు వాళ్ళని మిల్లు వార్డులో కూర్చోబెట్టను. వేరే చోట వేస్తాను."

ఆయన పకపకా నవ్వాడు. "డబ్బిస్తానంటే వద్దని, సెలవడిగి, పైగా నా మనుషుల్ని నా వార్డుకే రానివ్వనంటున్నావు. సరే తల్లీ, తీసుకుపో!"

బయటికొచ్చాక ఆవిడ ఎడమ చెప్పు కుడి కాలికి తొడుక్కుంది. లోపల అంత గట్టిగా మాట్లాడింది ఈవిడేనా అనిపించింది. ఆటో ఎక్కాక నా వైపు తిరిగి, "వదినా, కాలనీ బూత్‌కి పెద్దగా నువ్వుండు," అంది.

"నేనా? నాకు గుండీలు కుట్టడం తప్ప ఏమొచ్చే?"

"నీ షాపులో మీదపడే జనాన్ని ఎవరి వంతు వాళ్ళకి ఇచ్చి పంపుతావు చూడు, అది వస్తే చాలు."

ఆ పొగడ్తకి పడిపోయాను.

మిల్లు సెలవిచ్చిందని తెలిసేసరికి డిపో వాళ్ళూ ఊఁ అన్నారు. డిపో ఊఁ అన్నాక బ్యాంకు కాదనలేకపోయింది. జనం రావడం మొదలుపెట్టారు. బస్సు కండక్టరమ్మ, రిటైరైన బ్యాంకు మేనేజరు, డ్రిల్లు మాస్టారు, నా షాపుకెదురుగా ఉండే మంగలి, రొట్టెల బట్టీ అక్కాచెల్లెళ్ళు. మునిసిపల్ గోదాంలో నీటి పైపులు ఒక పక్కకి నెట్టి, బెంచీలేసి ట్రైనింగు పెట్టింది. మేమందరం అర్ధగంటలో అయిపోతుంది, టీ తాగి ఇంటికి పోవచ్చనుకున్నాం. ఎక్కడ! పెట్టె ఖాళీగా ఉందని అందరికీ ఎలా చూపించాలి, సీలెలా వెయ్యాలి, చూపులేనివాళ్ళొస్తే ఏం చెయ్యాలి, తాగొచ్చిన వాడితో ఎలా మాట్లాడాలి. ఒకటే వాయింపు. నేను మొదటిసారి సీలు వేస్తే మూత కదులుతూనే ఉంది.

"మళ్ళీ," అంది.

రెండోసారీ అంతే. "మళ్ళీ."

"ఒసే, ఇంటికెళ్ళాక నేర్చుకుంటాలే," అన్నాను మెల్లిగా.

అందరూ వినేలా చెప్పింది. "ఇక్కడ వదిన లేదు, ఆడపడుచు లేదు. కాలనీ బూత్ అధికారి గారూ, మళ్ళీ వెయ్యండి."

గోదాం అంతా గొల్లుమంది. నా చెవులు కాలిపోయాయి. కోపంతో బిగించి లాగాను చూడండి, ఆ సీలు ఈసారి రాయిలా కూర్చుంది. తలెత్తేసరికి చివరి బెంచీ మీద మా ఆయన! ఎప్పుడొచ్చాడో తెలీదు. చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ఈవిడా ఆయన్ని చూసింది. "మీరు... మిల్లు తరఫున వచ్చారా?"

"నా తరఫున నేనే వచ్చాను," అన్నాడాయన. "పేరు రాసుకోండి మేడం."

చెల్లెల్ని మేడం అన్నందుకు నేను నవ్వాపుకోలేకపోయాను. ఆవిడ మాత్రం నవ్వలేదు. కాగితంలోకి తల దించేసి రాసుకుంది. తలెత్తితే కళ్ళలో నీళ్ళు కనిపిస్తాయని కాబోలు.

పోలింగు రోజు కాలనీలో పిల్లల ఆటస్థలం పక్కనున్న రేకుల హాల్లో నా బూత్. తలుపు తీసేసరికే మలుపు దాకా జనం. ఖాళీ పెట్టె అందరికీ తిప్పి చూపించి సీలు వేశాను. ఒక్కసారికే పడింది. చక్రాల కుర్చీలో వచ్చిన ఒక ముసలాయన ఓటేసి బయటికొచ్చి, మా ఇంటి నుంచి ఇక్కడికి వంతెన ఎక్కకుండా వచ్చానమ్మా అని కనబడిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. కండక్టరమ్మ లైను నడిపిన తీరు చూడాలి! "ముందుకి జరగండి, ముందుకి జరగండి, లోపల ఖాళీ ఉంది," అని బస్సులో అరిచినట్టే అరిచింది. మా అందరి పెట్టెలూ సాయంత్రానికి ఏ పేచీ లేకుండా ఆఫీసుకి చేరాయి.

అసలు పరీక్ష మర్నాడు మునిసిపల్ హాల్లో లెక్కింపు దగ్గర వచ్చింది.

మిల్లు వార్డులో పోటీ ఒక కాంట్రాక్టరుకీ, యూనియన్ అక్కకీ. యూనియన్ అక్కంటే మిల్లులో దారం చుట్టే విభాగంలో పనిచేసే మనిషి, కార్మికుల తరఫున నిలబడింది. ఆవిడ గొంతు విప్పితే మగ్గాల మోత కూడా వినబడదు. ఆ కాంట్రాక్టరేమో ఓనరు గారికి బాగా స్నేహితుడు. లెక్క తేలేసరికి కాంట్రాక్టరు గెలిచాడు, అదీ బొటాబొటీ ఓట్లతో.

హాల్లో ఒక్కసారిగా గోలెత్తింది. యూనియన్ అక్క నేరుగా మా ఆడపడుచు బల్ల ముందుకొచ్చి నిలబడింది.

"ఈ ఎన్నికకి మిల్లు డబ్బు పడిందని విన్నాను. నిజమేనా?"

గోల చేస్తున్నవాళ్ళందరూ అటు తిరిగారు. మా ఆడపడుచు నోరు విప్పేలోగా వెనక నుంచి కుర్చీ జరిగిన చప్పుడైంది. మా ఆయన లేచి నిలబడ్డాడు. నలుగురిలో నోరెత్తని మనిషి.

"ఆ మాట తెచ్చింది నేనమ్మా. మా ఓనరు గారిస్తానన్నారు, నేను మధ్యవర్తిని. మా చెల్లెలు మా ఇంట్లో కంచం ముందు కూర్చుని వద్దంది. ఆ కోపంతో నేనామెతో ఇన్ని రోజులు మాట్లాడలేదు. ఇంతకన్నా సాక్ష్యం కావాలంటే, అదిగో, చెల్లెలి ఆఫీసు గదిలో కూలరు ఎక్కడుందో వెతుక్కోండి."

కొందరు నవ్వారు. యూనియన్ అక్క నవ్వలేదు. "అయితే మళ్ళీ లెక్కపెట్టండి," అంది.

"తప్పకుండా," అంది మా ఆడపడుచు, అదేదో టీ ఇమ్మన్నట్టు. "మీరు ఇటు కూర్చోండి. గెలిచినాయన అటు కూర్చోవాలి. ప్రతి కాగితం ఇద్దరికీ చూపిస్తాను. సందేహమున్నది పక్కన పెడదాం, కారణం చెప్పి తేలుద్దాం."

ఒక్కొక్క కాగితం ఎత్తి, ఇటు చూపి, అటు చూపి, పెట్టింది. గీత పక్కకి జారినవి, రెండుచోట్ల గుర్తున్నవి, ఏ గుర్తూ లేనివి, ఎందుకు చెల్లుతుందో ఎందుకు చెల్లదో అందరికీ వినబడేలా చెప్పింది. రిటైరైన బ్యాంకు మేనేజరు కట్టలు కట్టాడు. ఒక కాగితం దగ్గర కాంట్రాక్టరు గొంతు పెంచితే, "అరిస్తే గుర్తు మారదండీ," అని ఊరుకోబెట్టింది. చివరికి వచ్చింది మళ్ళీ అదే అంకె.

యూనియన్ అక్క కాసేపు ఆ కట్టల వంక చూస్తూ కూర్చుంది. కళ్ళలో నీళ్ళున్నాయి, కానీ మొహంలో కోపం లేదు. సంతకం చేసి, మా ఆడపడుచు చెయ్యి పట్టుకుంది. "ఓడిపోయాను. కానీ ఎలా ఓడానో నా కళ్ళతో చూశాను," అని వెళ్ళిపోయింది.

హాలంతా ఖాళీ అయ్యాక మా ఆయన చెల్లెలి దగ్గరికెళ్ళాడు. ఏం మాట్లాడుకుంటారోనని నేను చెవులు రిక్కించాను. "పొద్దుట్నుంచి ఏమైనా తిన్నావా?" అన్నాడు. "లేదు," అంది. అంతే. ఇన్నాళ్ళ మౌనం దాంతో సరి.

ఆ తర్వాత బడ్జెట్ రోజులొచ్చాయి. ఈసారి నేనూ మా ఆయనా జనం కూర్చునే బెంచీల్లో ముందే చోటు చూసుకున్నాం. కొత్త కౌన్సిల్ అయినా చైర్మన్ గారు పాత ఆయనే. మా ఆడపడుచు ముగ్గురు మనుషులు, పైకప్పుకి మరమ్మతు, ఏటా ట్రైనింగుకి ఖర్చు అడిగింది. ఆయన కళ్ళజోడు సవరించుకున్నాడు.

"ఈసారి మనుషులు లేకుండానే బ్రహ్మాండంగా నడిపావు కదమ్మా! మరింకెందుకు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. బాగా చేసినందుకు ఇదా బహుమానం? లేవబోతుంటే మా ఆయన కొంగు పట్టి ఆపాడు. ఈలోగా మా వెనక బెంచీలోంచి ఒక గొంతు ఖంగుమంది. యూనియన్ అక్క.

"చైర్మన్ గారూ, నేను మాట్లాడాలి. నేను ఆ ఎన్నికలో ఓడిపోయినదాన్ని."

"చెప్పమ్మా," అన్నాడాయన, ఇష్టం లేకపోయినా.

"గెలిచినవాళ్ళు ఆ ఆఫీసు బావుందనే అంటారు, అందులో విశేషం లేదు. ఓడినదాన్ని నేనంటున్నా. నాకు నిద్ర పట్టిందంటే ఆవిడ లెక్క మీద నమ్మకంతోనే. ఈసారి ఊళ్ళోవాళ్ళందరూ సెలవులు పెట్టుకుని వచ్చి మోశారు. ప్రతిసారీ మోస్తారా? ఆవిడ ఒక్కతీ ఎన్నాళ్ళు మోస్తుంది? రేపు ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ఎవరైనా బొటాబొటీగా ఓడిపోవచ్చు. అప్పుడు మీకూ ఆవిడలాంటి మనిషి కావాలి. ఆ ఆఫీసుకి మనుషుల్ని ఇవ్వండి."

ముందు వరసలో కాంట్రాక్టరు, అంటే ఇప్పుడు కౌన్సిలరు, ఇబ్బందిగా కదిలాడు. ఆపైన చెయ్యెత్తాడు. "నేను బలపరుస్తున్నాను," అన్నాడు. తనని ఓడించాలనుకున్న మనిషి మాటని! ఆయన మీద నాకు అప్పటిదాకా సదభిప్రాయం లేదు. ఆ క్షణం నుంచి కాస్త ఉంది.

ముగ్గురినడిగితే ఇద్దర్నిచ్చారు. పైకప్పు మరమ్మతుకి ఇచ్చారు. ట్రైనింగు డబ్బు సగమే. నేను మొహం ముడుచుకున్నాను గానీ, మా ఆడపడుచు ఆ సగానికే ఎంత వెలిగిపోయిందో! చప్పట్లు కొట్టకూడదని బోర్డున్నా బెంచీల్లోవాళ్ళు కొట్టేశారు. మా ఆయన అందరికన్నా ముందు మొదలుపెట్టి, అందరికన్నా చివర ఆపాడు. పక్కన కూర్చున్న ఎవరో తెలియని మనిషి మోచేతిని తట్టి, "మా చెల్లెలండీ," అన్నాడు. ఆ మనిషి అడగనే లేదు.

మెట్ల దగ్గర యూనియన్ అక్క మాకు ఎదురుపడింది.

"వచ్చేసారి మళ్ళీ నిలబడతాను. ఈసారి గెలుస్తాను," అంది.

"నిలబడండి," అంది మా ఆడపడుచు. "గెలిపిస్తానని చెప్పను. లెక్క మాత్రం సరిగ్గా ఉంటుంది."

"అది చాలు," అని ఆవిడ షిఫ్టుకి టైమైపోతోందని గబగబా దిగిపోయింది.

మేం ముగ్గురం ఇంటికి నడిచాం. కొత్త మనుషులకి బల్లలు ఏ మూల వెయ్యాలన్నదాని మీద అన్నాచెల్లెళ్ళిద్దరూ అప్పుడే వాదనకి దిగారు. కిటికీ దగ్గరని ఆయన, తలుపు దగ్గరని ఆవిడ. దారిలో రోడ్డు దాటడం కూడా చూసుకోలేదు. ఆటోవాడు హారన్ కొట్టి తిట్టబోయి, మొహం గుర్తుపట్టి, "వెళ్ళండి ఎన్నికలమ్మా, వెళ్ళండి," అని బండి ఆపాడు. ఆవిడ కాగితాల సంచి నా భుజాన ఉంది. బరువుగానే ఉంది గానీ తీసుకోమని అడగాలనిపించలేదు.